ఒంటిగంటా పదికి లేచే గీత

యాభై వేల మందికి విసుగు నేర్పినవాణ్ణి నేను. కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో ఎంత కష్టపడినా ఏడాదికి వందమందికి మించి నేర్పలేకపోయాను. ఆ లోటంతా మాటబిళ్ళ తీర్చేసింది.

నా పేరు భానోజీరావు. విశాఖపట్నంలో ఓ డిగ్రీ కాలేజీలో ఇరవై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. చివరి ఏడాది తెలుగు తీసుకున్నవాళ్ళు ముగ్గురు, వాళ్ళలో ఒకడు పొరపాటున తీసుకున్నాడు. ఇక మీ సేవలు చాలన్నారు. ఆ వారంలోనే డాక్టర్ తులసీరాం మా ఇంటికి వచ్చాడు. మనసు జబ్బుల డాక్టరు, కొండ మీద సొంత ల్యాబు పెట్టుకున్నాడు. వచ్చినవాడు కాఫీ అయినా తాగకుండా అడిగాడు.

"మాస్టారూ, నా దగ్గరికొచ్చేవాళ్ళందరికీ నాలుగే మాటలు. బాగుంది, బాలేదు, టెన్షన్, బోర్. అంతకు మించి అడిగితే 'అదోలా ఉంది డాక్టరుగారూ' అంటారు. అదోలాకి మందేం రాయను?"

అతని దగ్గర రూపాయి బిళ్ళంత పరికరం ఉంది. కంఠం ఎముక కింద అంటించుకుంటే గుండె కొట్టుకునే తీరు, చెమట, ఊపిరి, కడుపు బిగువు అన్నీ చూసి ఒక గీత గీస్తుంది. ప్రతి భావానికీ ఒక గీత. కానీ ఏ గీత పేరేమిటో దానికి తెలియదు. అది నేర్పడానికి మాటలు తెలిసిన మనిషి ఒళ్ళొకటి కావాలి. నాకేమో ఉద్యోగం కావాలి.

రెండేళ్ళు ఆ కుర్చీలో వైర్లతో కూర్చున్నాను. ఎదురుగా హిమజ అనే ఇంజనీరు, మీట మీద వేలు పెట్టుకుని. నాలో ఏదైనా కదిలితే తెర మీద గీత లేచేది. ఆ అమ్మాయి వెంటనే "మాట?" అనేది. నేను మాట చెప్పేవాణ్ణి, మీట నొక్కేది. ఉక్రోషం కోసం తులసీరాం నాతో క్యారమ్స్ ఆడి, కళ్ళముందే కాయిన్లు జరిపి, పదకొండు ఆటలు గెలిచాడు. అక్కసు కోసం నాకంటే చిన్నవాడికి నాకంటే పెద్ద కుర్చీ వేశారు. తహతహ కోసం వేడి పునుగులు అద్దం అవతల పెట్టి, అద్దం ఇవతల నన్ను కూర్చోబెట్టారు. జంకు, బెరుకు, గుబులు, కినుక, వెలితి... ఇలా మూడువందల అరవై ఎనిమిది మాటలు నా ఒంట్లోంచి తోడారు. అబద్ధమాడను, నాకు గర్వంగానే ఉండేది. క్లాసులో ఎవరికీ అక్కర్లేని మాటలు ఒక యంత్రం నోరు తెరుచుకుని తింటుంటే ఏ తెలుగు మాస్టారు పొంగిపోడు?

ఆ మూడువందల అరవై ఎనిమిదిలో ఒక్కటి మాత్రం నేను తప్పు చెప్పాను. తెలియక కాదు.

నా భార్య చంద్రమతి అనకాపల్లిలో హైస్కూలు లెక్కల టీచరు. ఒంటిగంటకి వాళ్ళ బడిలో అన్నం గంట కొడతారు. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి స్టాఫ్ రూముకి వచ్చేసరికి పది నిమిషాలు. సరిగ్గా ఒంటిగంటా పదికి నాకు ఫోన్ చేస్తుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో సెలవు రోజుల్లో తప్ప తప్పలేదు.

కుర్చీలో కూర్చున్న కొత్తల్లో, ఒకరోజు వైర్లు తీయకముందే ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టారు.

"తిన్నారా?"

"ఆఁ, తింటాలే."

"గోంగూర ముందు తినెయ్యండి, సాయంత్రం దాకా ఉంచకండి."

"సరే సరే. పెట్టెయ్."

తెర మీద గీత లేచింది. ముందు చిన్న గెంతు. తర్వాత నిదానంగా పరుచుకున్న వెచ్చదనం. చివర్న కొంచెం బిగువు, ఎవరి కోసమో కాస్త భయపడ్డట్టు. అలాంటి గీత అంతకుముందు రాలేదు. గదిలో తులసీరాం ఉన్నాడు, ఇంకో ఇద్దరు సైంటిస్టులున్నారు, హిమజ ఉంది. నలుగురూ నన్నే చూస్తున్నారు.

"మాట?" అంది హిమజ.

నాకు మాట తెలుసు. నాలుక చివర ఉంది. నలుగురిలో పెళ్ళాం గురించి ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు. మా నాన్న అనలేదు, మా తాత అనలేదు, మా వీధిలో ఏ మగవాడూ అనగా వినలేదు. ముసిముసిగా నవ్వి, "విసుగు" అన్నాను.

గదంతా నవ్వు. "పెళ్ళాం ఫోనుకి ఇంకేముంటుంది మాస్టారూ!" అని తులసీరాం నా భుజం తట్టాడు. నేనూ నవ్వాను. ఒకసారి అన్నాక మర్నాడు మార్చలేం కదా. నలభై రోజులు ఒంటిగంటా పదికి అదే గీత లేచింది, నేను అదే మాట చెప్పాను. తర్వాత సరిచూడటానికి ముప్ఫై మందిని పిలిచారు, అందరూ సంసారులే. వాళ్ళ భార్యలు ఫోన్ చేసినప్పుడు బిళ్ళ "విసుగు" అంటే ముప్ఫై మందీ పకపకా నవ్వి, తలూపి, సంతకాలు పెట్టి వెళ్ళారు.

మాటబిళ్ళ బజారులోకి వచ్చింది. ఒంట్లో ఏ గీత లేస్తే దాని పేరు చెవిలో చెబుతుంది. మంచి చేయలేదనను. పోర్టులో క్రేను నడిపే నూకరాజు ఉన్నాడు. తమ్ముడు సముద్రంలో పోయాక ఏడాదిపాటు నోరు విప్పనివాడు, బిళ్ళ చెవిలో "బెంగ" అనగానే ల్యాబు మెట్ల మీద కూలబడి భోరుమన్నాడు. "దీని పేరు బెంగేటి బాబూ? నాను సచ్చిపోతన్నాననుకున్నాను" అన్నాడు. బస్సులో ఒక కండక్టరు ప్రయాణికుడితో "నాది కోపం కాదండీ, ఉక్రోషం, చిల్లరుంటే ఇచ్చేయండి" అనడం నా చెవులతో విన్నాను. ఆ రోజు నేలమీద నడవలేదు.

ల్యాబువాళ్ళు నాకొకటి, ఇంట్లోవాళ్ళకొకటి బిళ్ళలు ఉచితంగా ఇచ్చారు. చంద్రమతి అంటించుకుంది. మొదటి నెల చిన్నపిల్లలా ముచ్చటపడింది. "ఇన్నాళ్ళూ హెడ్మాస్టరంటే భయమనుకున్నానండీ. భయం కాదట, ఏవగింపట!" అని వంటింట్లోంచి కేకపెట్టి నవ్వింది.

రెండో నెల నవ్వు తగ్గింది. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, నా మొహంలోకి చూసేది, ఏదో లెక్క తేలనట్టు. ఆగస్టులో ఒకరోజు ఒంటిగంటా పదికి ఫోన్ మోగలేదు. మీటింగుందేమో అనుకున్నాను. మర్నాడూ మోగలేదు. ఒంటిగంటా ఇరవైకి నా బిళ్ళ చెవిలో "వెలితి" అంది. బ్యాటరీ అయిపోతోందనుకుని మార్చాను. కొత్త బ్యాటరీతోనూ అదే మాట.

మూడో వారంలో చంద్రమతి ఒక సూట్‌కేసు సర్దింది. బడి దగ్గర సైన్సు టీచరు గదిలో ఉంటానంది, రోజూ బస్సు పడటం లేదంది. నిజం చెప్పమన్నాను.

"మీరంటే కోపం లేదండీ. విసుగు. నేనన్న మాట కాదు, మీ బిళ్ళే చెబుతోంది. మీకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కుతుంటే విసుగు అంటుంది. సాయంత్రం మీరు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే విసుగు అంటుంది. మొదట్లో నమ్మలేదు. తర్వాత్తర్వాత నిజంగానే విసుగొచ్చింది. లోపల అది పెట్టుకుని పైకి నవ్వుతూ మీకు అన్నం పెట్టడం నాకు తప్పుగా ఉంది."

"బిళ్ళ ఏదో అంటే..." అన్నాను.

"మీరు చేసిన బిళ్ళ కదా," అంది. "నాకేం తెలుసు మాటలు? నాకు లెక్కలు తెలుసు."

అప్పుడైనా నా బుర్రకి తట్టాలి. తట్టలేదు. అబద్ధం చిన్నదైతే ముందుగా మరిచిపోయేది చెప్పినవాడే. ఆమె ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇరవై రెండేళ్ళకి నేనంటే విసుగు పుట్టిందన్నమాట అని కుమిలిపోయాను. ఇంటికొచ్చి కూర్చోలేక, పడుకోలేక, గదిలోంచి గదిలోకి తిరిగాను. గోంగూర కొన్నాను. వండటం రాక పారేశాను.

నూకరాజు మళ్ళీ ల్యాబుకి వచ్చింది ఆ తర్వాత పది రోజులకి. బిళ్ళ పీకి అరచేతిలో పట్టుకొచ్చాడు.

"ఇది నాకొద్దు బాబూ. మా పాప గుమ్మం కాణ్ణించి పరిగెట్టుకొచ్చిందంటే సాలు, విసుగు అంటాది. కన్నకూతురు మీద విసుగేటి బాబూ? నానంత సెడ్డోణ్ణా? ఆ మాట యినలేక డూటీ అయినా పోర్టులోనే ఉండిపోతన్నాను. మొన్న పాపొచ్చి కాళ్ళు సుట్టుకుంటే యిదిలించీసినాను." చెబుతూ చెబుతూ గోడవైపు తిరిగాడు.

హిమజ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది, ఫోన్లో కూతురి గొంతు వినిపించింది. గీత లేచింది. చిన్న గెంతు, వెచ్చదనం, చివర్న బిగువు. హిమజ తెర వంక చూసి, నా వంక చూసింది.

"సార్, ఇది మీ గీత. ఒంటిగంటా పదిది."

లేచి తెర దగ్గరికి నడిచాను.

"ఆ రోజే నాకు అనుమానమొచ్చింది సార్," అంది మెల్లిగా. "విసుగు పుట్టినవాళ్ళ మొహం అలా ఉండదు. పెద్దవారు, మాటలు తెలిసినవారు, నేను దిద్దడమేమిటని ఊరుకున్నాను."

తులసీరాం దగ్గరికి పరిగెత్తాను. విని పేపరువెయిట్ తిప్పసాగాడు. పదిహేనో తారీఖున బిళ్ళలు బళ్ళకి వెళ్తున్నాయి, రెండు లక్షల మంది పిల్లలకి. అమ్మ పిలిస్తే రెండు లక్షల చెవుల్లో "విసుగు" అని మోగుతుంది.

"ఆపెయ్యండి," అన్నాను.

"ఏమని చెప్పి ఆపమంటారు మాస్టారూ? మా మాస్టారు సిగ్గుపడ్డారనా?" తర్వాత అతనే తల పట్టుకున్నాడు. "మీరొక్కరే కాదు లెండి. ఆ రోజు ముందు నవ్వింది నేను."

అసలు చిక్కు అక్కడే ఉంది. నిజమైన విసుగూ నా అబద్ధం విసుగూ బిళ్ళ లోపల ఒకే మూటలో కలిసిపోయాయి. మొదట తీసిన గీతలు దాచలేదు. విడదీయాలంటే అదే మనిషి ఒంట్లో, అదే గీత, మూడు రోజులు మూడుసార్లు లేవాలి. దానికి సరైన మాట చెప్పాలి. చేతిలో ఉన్నది ఏడు రోజులు.

పాత ఫోను సంభాషణ రికార్డు వినిపించారు. గీత లేచింది కానీ అది పశ్చాత్తాపం గీత. హిమజ పక్కగదిలోంచి ఫోన్ చేసి, గొంతు మార్చి "తిన్నారా?" అంది. మొహమాటం గీత వచ్చింది. రోజూ ఒంటిగంటా పదికి వైర్లతో కూర్చుని, మోగని ఫోను వంక చూసేవాణ్ణి. ఆరాటం గీత తెర పట్టనంత పెద్దది వచ్చింది. తులసీరాం దాన్ని చూసి బయటికి వెళ్ళిపోయాడు.

మూడో రోజు అనకాపల్లి బస్సెక్కాను. ఆ బస్సు ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవర్ని తిట్టుకున్నాను. బడి వరండాలో చంద్రమతి సుద్దముక్కల డబ్బా పట్టుకుని క్లాసుకి వెళ్తోంది. నన్ను చూసి ఆగింది. చిక్కింది. కంఠం కింద బిళ్ళ ఇంకా ఉంది.

దారంతా అనుకున్న మాటలు ఎటుపోయాయో, "ల్యాబు కోసం నువ్వోసారి ఫోన్ చెయ్యాలి," అనేశాను.

"ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిస్తారా?" అంది.

నా చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అక్కడే, పిల్లలు చూస్తుండగానే, జరిగిందంతా చెప్పాను. వైర్లు, నలుగురు మనుషులు, గోంగూర, గీత, నేను చెప్పిన మాట, ఇప్పుడు మూడు రోజులు కావలసిన మూడు ఫోన్లు. ఆమె కదలకుండా విన్నది.

"నా ఫోన్‌కి మీరు చెప్పింది ఆ మాటా?"

"అవును."

"ఎన్నిసార్లు?"

"నలభై."

"నలభై రోజులూ నలుగురూ నవ్వారా?"

"మొదటి నాలుగు రోజులు. తర్వాత అలవాటైపోయింది."

"ఎందుకండీ?"

"సిగ్గేసింది."

చంద్రమతి కంఠం కింద వేలుపెట్టి బిళ్ళ పీకింది. చర్మం ఎర్రగా కందింది. "నా మనసుకేదో తెగులు పట్టిందనుకున్నాను. మూడు నెలలు. రోజూ నన్ను నేను తిట్టుకున్నాను," అంది. ఏడవలేదు. గంట కొట్టారు. బిళ్ళ నా చేతిలో పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు. లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది, "ఎక్కాలు తీయండి" అని.

పన్నెండో తారీఖు. వైర్లతో కూర్చున్నాను. ఆ నలుగురూ ఉన్నారు. ఒంటిగంటా పది అయింది. ఒంటిగంటా పన్నెండైంది. హిమజ కిటికీలోంచి సముద్రం చూస్తోంది. ఒంటిగంటా పద్నాలుగుకి ఫోన్ మోగింది.

"నలుగురూ ఉన్నారా అక్కడ?" అంది చంద్రమతి.

"ఉన్నారు."

"స్పీకర్లో పెట్టారా?"

"పెట్టారు."

"అయితే చెప్పండి."

గీత లేచింది. గెంతు పెద్దది, వెచ్చదనం అదే, బిగువు అదే. హిమజ "మాట?" అనలేదు. మీట మీద వేలు పెట్టి ఊరికే చూస్తోంది. మూడువందల అరవై ఎనిమిది మాటలూ నాలుక మీద తిప్పి చూశాను. చివరికి వచ్చింది మా అమ్మమ్మ వాడే మాట.

"నువ్వు ఫోన్ చేస్తే నాకు ప్రాణం లేచొస్తుంది చంద్రా."

ఎవరూ నవ్వలేదు. తులసీరాం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సార్, ఒక్క మాట కావాలి," అంది హిమజ.

"ఆపేక్ష అని రాసుకో అమ్మా."

"రాసుకున్నారా?" అంది చంద్రమతి. "ఇంకా రెండు కదా," అని పెట్టేసింది.

లెక్కల టీచరు. పదమూడున చేసింది, పద్నాలుగున చేసింది. మూడన్నాం, మూడు చేసింది. ఆ మూడుసార్లలో ఒక్కసారీ "తిన్నారా?" అనలేదు. పద్నాలుగు సాయంత్రానికి మూట విడిపోయింది, యాభై వేల బిళ్ళల్లో మాట మారింది. ల్యాబులో మైసూర్ పాక్ పంచారు. నాకు మింగుడు పడలేదు.

పదిహేనున ఒంటిగంటా పదికి వైర్లు లేకుండా ఫోను ముందు కూర్చున్నాను. మోగలేదు. పదహారునా అంతే. పదిహేడు పొద్దున నూకరాజు వచ్చాడు. బిళ్ళ సరిగ్గా చెబుతోందా అని ఆత్రంగా అడిగాను.

"సెప్తంది బాబూ. పాపని సూడగానే ఆపేచ్చ అంటాది. మంచి మాటే. గాని యిప్పుడు పిల్ల పరిగెట్టుకు రాదు. గుమ్మం కాడ నిలబడి సూత్తాది."

మా బిళ్ళలో ఆ పాపకి ఇవ్వగల మాట లేదు. "మరేం చేస్తున్నావు?" అన్నాను.

"సేసేదేటుంది? నానే పరిగెడతన్నాను. గేటు కాణ్ణించి పరిగెట్టుకెళ్తాను. వీధిలో వోళ్ళు నవ్వుతారు. నవ్వనీ."

అతను మెట్లు దిగుతుండగానే నేను లేచాను. గడియారంలో పదిన్నర. ఇంటికి వెళ్ళి వంటకి దిగాను. అన్నం కొంచెం మెత్తబడింది. గోంగూర అడుగంటింది, పైపైన తీసి డబ్బాలో పెట్టాను. కంఠం కింద బిళ్ళ పీకి కిటికీ అంచున పెట్టి, బస్సెక్కాను.

స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చేసరికి ఒంటిగంటా పన్నెండు. బల్ల చుట్టూ నలుగురు టీచర్లు డబ్బాలు విప్పుతున్నారు. చంద్రమతి కిటికీ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుతోంది. ఆమె ముందు డబ్బా లేదు. చేతిలో ఎర్ర కలంతో తలెత్తి చూసింది.

నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పడానికి బిళ్ళ లేదు. అవసరమూ పడలేదు.

"తిన్నావా?" అన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న నేనడగడం అదే మొదలు. గదిలో చప్పుళ్ళు ఆగిపోయాయి. సైన్సు టీచరు నోటి దగ్గర ముద్ద ఆపుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రమతి ఆ నలుగురి వంకా చూసింది, నా చేతిలో డబ్బా వంక చూసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఏమిటండీ ఇది, నలుగురిలో," అంది కలానికి మూత పెడుతూ. "ఇంటికొచ్చాక అడగొచ్చు కదా."

ఎప్పుడొస్తుందో చెప్పలేదు. నేను అడగలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, డబ్బా మూత తీశాను.

"గోంగూర మాడింది," అంది వాసన చూసి.

"ముందు తినెయ్," అన్నాను. "సాయంత్రం దాకా ఉంచకు."